బాడుగ ఇంట్లో డిజైన్ వాల్: అనంతపురం నుంచి ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఇంటి దగ్గర మిషన్ పెట్టుకొని బొంతలు, ప్యాచ్‌వర్క్ దుప్పట్లు కుట్టే మహిళలకు బట్ట ఎంపిక, కొలతలు, పని జరిగే చోటి అమరిక గురించి సలహాలివ్వడం నా వృత్తి. ఈ కేసు అనంతపురంలో బాడుగ ఇంట్లో ఉంటూ ఆర్డర్ల మీద కుట్టే ఒక మహిళది. ఆమె అనుమతి తీసుకొనే రాస్తున్నాను. పేరు, వీధి, ఆర్డరిచ్చినవారి వివరాలు వదిలేశాను. కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను, ఎందుకంటే ఇందులోని నిర్ణయాలన్నీ ఆ కొలతల చుట్టూనే తిరిగాయి.

బొంత కుట్టడం ఆమెకు పుట్టింట్లో అబ్బిన పని. పాత చీరలు రెండు మూడు పొరలుగా పరిచి, ఒక అంచు నుంచి మొదలుపెట్టి, ఉన్న ముక్కల్లో ఏది పక్కన నప్పుతుందో చూసుకుంటూ, ఒక్కొక్కటే పెట్టి రన్నింగ్ కుట్టుతో బిగించుకుంటూ పోయే పద్ధతి అది. పెట్టిన ముక్క పెట్టిన చోటే కుట్టుబడిపోతుంది కాబట్టి బొంత మొత్తాన్ని ముందుగా ఊహించుకోవలసిన అవసరం రాదు. చేతి ముందున్న రెండు మూడు జానల మేర చూసుకుంటే చాలు. ఆ పద్ధతిలో ఆమె పనికి వంక పెట్టేదేమీ లేదు.

బ్లాకుల దుప్పటి ఇందుకు భిన్నమైనది. చిన్న ముక్కలు కలిపి కుట్టిన చదరాన్ని బ్లాకు అంటారు. ప్రతి బ్లాకును విడిగా కుట్టి పక్కన పెడతాం. ఏ బ్లాకు ఎక్కడికి వెళ్తుంది, ఏ దిక్కుకు తిరుగుతుంది అన్నది అన్నీ అయ్యాక తేల్చుకుంటాం. ఆ తేల్చుకోవడానికి బ్లాకులను నిలువుగా అంటించి, దూరంగా నిలబడి చూసి, మార్చి మళ్లీ చూసే తలాన్ని డిజైన్ వాల్ అంటారు. నూలుబట్టను గుండుసూది లేకుండానే పట్టుకునేంత నూగు దాని మీద ఉండాలి. ఈ పనికి విడి గది ఉన్నవాళ్లు గోడకే బోర్డు బిగించి, దాని మీద ఫ్లానెల్ అనే నూగుబట్ట కప్పుకుంటారు. ఇక్కడ విడి గది లేదు, గోడ కూడా ఆమెది కాదు.

వచ్చిన సమస్య

ఆమెకు వచ్చిన ఆర్డరు లాగ్ కేబిన్ బ్లాకులతో ఒంటి మంచానికి సరిపడే దుప్పటి. ఈ బ్లాకులో నడిమధ్య ఒక చిన్న చదరం, దాని చుట్టూ వరుసగా సన్నటి పట్టీలు ఉంటాయి. పక్కపక్కనున్న రెండు వైపుల పట్టీలు లేతరంగువి, మిగిలిన రెండు వైపులవి ముదురువి కావడంతో బ్లాకు ఐమూలగా సగం వెలుగు, సగం నీడగా కనిపిస్తుంది. పక్కపక్క బ్లాకులను ఒకదానికొకటి తలకిందులుగా తిప్పి అమర్చితే లేత, ముదురు చారలు దుప్పటి అంతటా ఏటవాలుగా సాగుతాయి. ఒక్క బ్లాకు తప్పు దిక్కుకు తిరిగినా చార అక్కడ తెగిపోతుంది. బ్లాకు చూస్తే బాగానే ఉంటుంది, దుప్పటి చూస్తే చెడిపోయి ఉంటుంది.

ఆమె కుట్టిన దుప్పటిలో జరిగింది అదే. అడ్డానికి 5, నిలువుకు 7, మొత్తం 35 బ్లాకులు. అందులో రెండు తప్పుగా తిరిగాయి, మరో మూలలో ముదురు బట్టలన్నీ ఒకే చోట గుమిగూడాయి. ఆర్డరిచ్చినవారు తీసుకోలేదు. ఆమె నా దగ్గరికి తెచ్చిన ప్రశ్న ఇది: “కింద పరిచినప్పుడు బాగుండె గదక్కా, కుట్టినాక ఎందుకిట్లయిపాయ? బట్ట మంచిది తెచ్చుకోవాల్నా?”

అంటే ఆమె లెక్కలో సమస్య రంగులది, పరిష్కారం ఖరీదైన బట్ట. అది ఒప్పుకొనే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలనిపించింది. మొదటిది కుట్టు. దుప్పటిలో వాడకుండా మిగిలిన బ్లాకులు కొన్ని ఉంటే టేపు పెట్టి కొలిచాను. అన్నీ పన్నెండున్నర అంగుళాలే, కుట్టు మార్జిన్ అంతటా పావు అంగుళమే. చేతి పనిలో లోపం లేదని దాంతో తేలిపోయింది. రెండవది చూపు. పని జరిగిన చోటు చూపించమన్నాను.

పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న హాలు. కింద తాడిపత్రి నల్లబండలు. ఆ బండల మీద పరిచి, ఒక అంచున కూర్చొని ఆమె అమరిక చూసుకునేది. అలా చూసినప్పుడు మోకాలి దగ్గరి బ్లాకు పెద్దగానూ, అవతలి అంచున ఉన్నది సన్నటి పట్టీలాగానూ కనబడుతుంది. తప్పు తిరిగిన రెండు బ్లాకులూ అవతలి అంచువే. పైగా రాత్రి ఇంట్లోవాళ్లు పడుకునేది ఆ హాల్లోనే కాబట్టి సాయంత్రం అన్నీ ఎత్తి, మరుసటి పొద్దున మళ్లీ పరవాలి. ఎత్తేటప్పుడు వరుస గుర్తుంటుంది, దిక్కు గుర్తుండదు. మూడో సంగతి ఫ్యాను. అనంతపురం ఎండాకాలంలో ఫ్యాను ఆపి పని చేయడం కుదరదు, ఫ్యాను తిరిగితే నేల మీది బ్లాకులు కదులుతాయి.

ఒక చిన్న పరీక్ష

వెంటనే ఏదో ఒకటి కట్టించకుండా, నిజంగా దూరమే లోపమా అన్నది రుజువు చేసుకోవడం అవసరం. లేకపోతే డిజైన్ వాల్ కట్టించాక కూడా పాత తప్పులే రావచ్చు. ఒక పొద్దున, ఎండ పెరగకముందే, మిగిలిన బ్లాకులను, కొన్ని పాత గుడ్డలను ముందరి వాకిట్లో ఏటవాలు చారల అమరికలో పరిచి, గాలికి లేవకుండా చిన్న రాళ్లు పెట్టి, ఆమెకు తెలియకుండా ఒక బ్లాకును తిప్పి ఉంచాను. ముందు వాకిట్లో నిలబడి చూడమన్నాను. ఆమెకు ఏ తేడా కనిపించలేదు. తర్వాత మిద్దె ఎక్కి కిందికి చూడమన్నాను. మెట్ల చివర ఇంకా పూర్తిగా నిలబడకముందే, “అగో, ఆ నీలంది తిరిగిపోయిండాది” అని చెయ్యి చూపించింది.

ఈ కేసులో అన్నిటికన్నా విలువైన క్షణం అదేనని నా అభిప్రాయం. బట్ట మార్చలేదు, రంగు మార్చలేదు, కన్ను మాత్రమే పైకి వెళ్లింది. ఖరీదైన బట్ట ఆలోచన ఆమె అక్కడికక్కడే మానుకుంది. మనకు కావలసింది ఏమిటో కూడా స్పష్టమైంది: కనీసం ఎనిమిది తొమ్మిది అడుగుల దూరం నుంచి నేరుగా ఎదురుగా కనిపించాలి, రాత్రికి ఎత్తేసినా అమరిక చెదరకూడదు, ఫ్యాను కింద నిలవాలి, అద్దె గోడకు మేకు పడకూడదు. మేకు కొట్టొద్దన్నది ఇంటి యజమాని పెట్టిన షరతు. గోడ కూడా లోపల రాతి కట్టడమే కావడంతో, ఒప్పుకున్నా మేకు దిగేది కాదు.

ప్రయత్నించినవి, నిలవనివి

ఖర్చు లేనివి ముందు చూడాలన్నది నా పద్ధతి. గోడకు టేపుతో అంటించడం అందులో మొదటిది. సున్నం పొడి రాలే గోడ మీద టేపు నిలవదని తెలిసినా, పైన రంగు వేసిన భాగం ఉంది కాబట్టి ప్రయత్నించాం. మధ్యాహ్నానికి సగం బ్లాకులు కింద ఉన్నాయి. టేపు బట్ట మీద జిగురు కూడా మిగిల్చింది. దాంతో ఆ దారి వదిలేశాం.

రెండవది గొంగళి. ఈ జిల్లాలో కురుబలు నేసే నల్ల గొంగళి ఆమె మామగారిది ఇంట్లోనే ఉంది. ఉన్ని పోగుల గరుకుదనానికి నూలు బ్లాకు అంటిస్తే కదలదు. పట్టు విషయంలో దానికి సాటివచ్చేది మా ప్రయత్నాల్లో మరొకటి లేదని ఇప్పటికీ చెప్పగలను. అయినా రెండు కారణాల వల్ల దాన్ని పక్కన పెట్టాం. నల్లని నేపథ్యంలో లేతరంగులు ఉన్నదానికన్నా ఎక్కువ మెరిసి కనబడతాయి, ముదురు రంగులు గొంగళిలో కలిసిపోతాయి. లేత, ముదురు తేడా మీదే నడిచే లాగ్ కేబిన్‌కు ఇది పెద్ద అడ్డంకి. రెండవది, వెంట్రుకలు బ్లాకులకు అంటుకొని, వాటిని ఏరడానికి పట్టే సమయం కుట్టే సమయాన్ని తినేస్తుంది. నమూనాలో రంగుల తేడా తక్కువగా ఉండే పనికైతే గొంగళిని ఈరోజు కూడా కాదనను.

తర్వాత చంటిపిల్లల గుడ్డలకు వాడే ఫ్లానెల్ తెచ్చి దండెం మీద వేలాడదీశాం. ఇందులో రంగు నిర్ణయం బాగా కుదిరింది. తెలుపు కాకుండా లేత బూడిదరంగు తీసుకున్నాం, ఎందుకంటే తెల్లని గుడ్డ మీద లేత బ్లాకుల అంచులు కనబడవు, బూడిదరంగు మీద లేతవీ ముదురువీ రెండూ తమ స్థాయిలో తేలుతాయి. కానీ వేలాడే బట్టకు వెనక ఆధారం లేదు. ఫ్యాను తిరగ్గానే అలలా ఊగి బ్లాకులు జారిపోయాయి. కింది అంచులో మడత కుట్టి ఇనుప చువ్వ దూర్చితే ఊపు కొంత తగ్గింది గానీ, గుండుసూది గుచ్చడానికి వెనక ఏమీ లేదన్న లోపం అలాగే ఉండిపోయింది. మంచి ఉపరితలం దొరికింది, దానికి గట్టి వెన్ను కావాలి అన్నంత వరకు దీనివల్ల తేలింది.

వెన్నుకు థర్మాకోల్ ఎంచుకున్నాం. తేలిక, చవక, గుండుసూది దిగుతుంది. ఇక్కడ జిగురు గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే ఈ పని సొంతంగా చేసుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వడ్రంగి తన దగ్గరున్న రబ్బరు జిగురు, అంటే చెప్పులకు, సన్‌మైకాకు వాడే పసుపుపచ్చ జిగురు, ఒక మూలన పూశాడు. మేం చూస్తుండగానే థర్మాకోల్ అక్కడ కుంగి, గుంట పడి, తేనెపట్టులా అయిపోయింది. ఆ జిగురులో ఉండే ద్రావకం థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. నీటితో పలచబడే తెల్ల జిగురు ఏమీ చేయదు, అయితే ఆరడానికి ఒక రాత్రంతా బరువు పెట్టి ఉంచాలి.

నిలిచిన అమరిక

కొలత నుంచి మొదలుపెట్టాం. కుట్టిన తర్వాత దుప్పటి 60 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవు. కానీ డిజైన్ వాల్ మీద ఉండేవి ఒకదానితో ఒకటి ఇంకా కలిపి కుట్టని బ్లాకులు, ఒక్కోటి పన్నెండున్నర. అందువల్ల అక్కడ కావలసింది అరవై రెండున్నర అంగుళాల వెడల్పు, ఎనభై ఏడున్నర అంగుళాల ఎత్తు. దుప్పటి సైజుకే డిజైన్ వాల్ కట్టుకున్నవారికి చివరి వరుస ఎక్కడా పట్టకపోవడం నేను చాలాచోట్ల చూశాను. మార్జిన్లు కలిపిన కొలతనే లెక్కలోకి తీసుకోవాలి.

మేం తెచ్చిన థర్మాకోల్ షీట్లు మీటరు పొడవు, అర మీటరు వెడల్పువి. ఐదు షీట్లు ఒకదానిపై ఒకటి పేర్చితే మీటరు వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు గల ఒక పలక అవుతుంది. అలాంటివి రెండు చేయించాం. ఒకే పెద్ద పలక అయితే బల్లతో, మంచంతో నిండిన హాల్లో దాన్ని తిప్పలేరు. రెండు పలకలకు ముందువైపు బందులు వేస్తే పుస్తకంలా లోపలికి మడతపడతాయి, బ్లాకులు లోపల భద్రంగా ఉంటాయి. రాత్రికి ఎత్తేయాలన్న షరతుకు సమాధానం ఈ మడతలోనే దొరికింది.

వెనక అంగుళం మందం రీపర్లతో, అంటే సన్నటి కర్రపట్టీలతో చట్రం, ప్రతి రెండు షీట్లు కలిసే చోట ఒక అడ్డకర్ర. అడ్డకర్ర లేకపోతే షీట్ల కలయిక దగ్గర పలక విల్లులా వంగుతుంది. షీట్ల మందం 25 మిల్లీమీటర్లు. గుండుసూదిని నేరుగా కాక కొద్దిగా కిందికి వాలేలా గుచ్చితే మొన వెనక్కి పొడుచుకురాదు.

ఫ్లానెల్‌ను ముందు నీళ్లలో తడిపి ఆరేశాం. కొత్త ఫ్లానెల్ తడిస్తే ముడుచుకుంటుంది. తడపకుండా బిగిస్తే తర్వాత ఎప్పుడైనా విప్పి ఉతికినప్పుడు మళ్లీ చట్రానికి సరిపోదు. బిగించేటప్పుడు అరచేత్తో రాసి చూసి, పైనుంచి కిందికి రాస్తే చేతికి గరుకు తగిలేలా, అంటే నూగు పైముఖంగా ఉండేలా పెట్టాం. ఆ దిశలో బ్లాకు బాగా పట్టుకుంటుంది. పన్నా చాలక పలకకు ఒక నిలువు జోడింపు వచ్చింది. అంచు నుంచి పన్నెండున్నర అంగుళాల దగ్గర పడేలా ఆ జోడింపును కుట్టించాను. మొదటి నిలువు వరుసకు అదే గీతగా పనికొచ్చింది.

ఈ రెండు పలకలనూ తెరిచి, అడుగు భాగం గోడకు జానెడు దూరంలో ఉండేలా ఏటవాలుగా ఆనించాం. ఆ చిన్న వాలు వల్ల బ్లాకు తన బరువుతో తనే పలకకు ఆనుకుంటుంది, ఫ్యాను గాలికి లేవదు. నున్నటి నల్లబండ మీద చట్రం జారుతుంది కాబట్టి అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించాం. ఒక్క మేకు కూడా గోడకు పడలేదు.

బ్లాకుల వరుసలను పలకలకు పంచడంలో ఒక సౌకర్యం కుదిరింది. మూడు వరుసల వెడల్పు ముప్పై ఏడున్నర అంగుళాలు. మీటరు పలకలో అది పట్టి, బందుల పక్కన దాదాపు రెండు అంగుళాల ఖాళీ మిగులుతుంది. ఎడమ పలకకు మూడు, కుడి పలకకు రెండు వరుసలు పెడితే ఏ బ్లాకూ మడత మీదికి రాదు. కుడి పలకలో మిగిలిన జాగాలో ఎంపిక కాని బ్లాకులను పెట్టుకునే వీలు కలిగింది.

జాగ్రత్త ఒకటి గట్టిగా చెప్పి వచ్చాను. థర్మాకోల్ మంట అంటుకుంటే నిలువునా కాలిపోతుంది, వంద డిగ్రీల వేడి దగ్గరే మెత్తబడుతుంది, నూలుకు పెట్టే ఇస్త్రీ పెట్టె వేడి అంతకు చాలా ఎక్కువ. అందుకే ఇస్త్రీ బల్లను ఎదురు గోడ దగ్గరికి మార్పించాను. పలకల పక్కన దీపం, అగరొత్తులు పెట్టవద్దని ఇంట్లో పెద్దావిడకు కూడా విడిగా చెప్పాను.

పని మారిన తీరు

అదే నమూనాతో కొత్త దుప్పటి మొదలుపెట్టినప్పుడు ఆమె బ్లాకులన్నీ పలక మీద పెట్టి, వెంటనే కుట్టడానికి కూర్చుంది. ఆపాను. ఒక రాత్రి అలాగే ఉంచి, పొద్దున కిటికీ వెలుతురులోనూ, సాయంత్రం ట్యూబులైటు కిందా చూడమన్నాను. ట్యూబులైటు కింద ఒకటే అనిపించిన రెండు నీలాలు పగటి వెలుతురులో వేరుగా కనిపించాయి. వాటిని దూరంగా జరిపింది. తర్వాత ఫోన్‌తో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూపించాను. రంగు తీసేస్తే లేత ముదురు తేడా ఒక్కటే మిగులుతుంది. ముదురు అనుకొని పెట్టిన ఒక ఎరుపు బట్ట అందులో లేత బూడిదగా కనబడింది. ఆ పట్టీ ఉన్న బ్లాకును విప్పి మళ్లీ కుట్టడానికి ఆమె వెనకాడలేదు.

కుట్టే దశలో దిక్కు మారకుండా ప్రతి బ్లాకు పై ఎడమ మూలన, ఎప్పుడూ అదే మూలన, వరుస సంఖ్య రాసిన చీటీ గుండుసూదితో గుచ్చాం. చీటీ ఉన్న మూల పై ఎడమన ఉంటే బ్లాకు సరిగ్గా ఉన్నట్టే. ఒక్కో అడ్డవరుసను దించి, కుట్టి, మార్జిన్లను ఒక వరుసలో కుడికి, తర్వాతి వరుసలో ఎడమకు ఇస్త్రీ చేసి, తిరిగి పలక మీద దాని చోటే పెట్టడం నియమం. కుట్టిన వరుస పొట్టిదవుతుంది కాబట్టి పక్క వరుసలతో గీత కలవదు. ఆమె మొదట కంగారు పడింది. అది సహజమని, అన్నీ కుట్టాక సరిపోతుందని లెక్క చూపించాక స్థిమితపడింది. ఈ దుప్పటిలో చార ఎక్కడా తెగలేదు, ఆర్డరిచ్చినవారు తీసుకున్నారు.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. బ్లాకు పనిలోకి వచ్చే మన బొంత కళాకారిణులు తమ చేతిని, తమ బట్టను అనుమానించుకోవడం తరచుగా చూస్తున్నాను. పుట్టింటి పద్ధతిలో వాళ్లకు అక్కరలేని ఒక సాధనం కొత్త పద్ధతిలో లేకపోవడమే అసలు లోటు. అందుకే ఇప్పుడు ఎవరు వచ్చినా మొదట బట్ట చూడను, ఎక్కడ పరుస్తారు, ఎంత దూరం నుంచి చూస్తారు, రాత్రికి ఎత్తేస్తారా అని అడుగుతాను. మిద్దె పరీక్షకు ఖర్చు లేదు. అందులో తేడా కనబడకపోతే డిజైన్ వాల్ కట్టించమని చెప్పను. అలాంటప్పుడు లోపం బట్ట ఎంపికలోనో, కుట్టులోనో ఉంటుంది.

రెండు విషయాలు ఈ అమరికలో ఇంకా పూర్తిగా తేలలేదు. ధర్మవరం పట్టుచీరల ముక్కలతో ఆమెకు ఆర్డర్లు మొదలయ్యాయి. పట్టు ఫ్లానెల్‌కు పట్టుకోదు, నున్నగా జారిపోతుంది. గుండుసూది గుచ్చితే రంధ్రం మిగిలిపోతుంది. అందుకని సన్న సూదులు మాత్రమే వాడి, అవి కూడా పావు అంగుళం మార్జిన్ లోపలే పడేలా గుచ్చుతోంది. ఆ రంధ్రం కుట్టులోకి వెళ్లిపోతుంది గానీ, ఒకే ముక్కను నాలుగైదు సార్లు మార్చితే మార్జిన్ బలహీనపడుతుంది. దీనికి పట్టు ముక్కల వెనక పలుచటి నూలుబట్టను తాత్కాలికంగా వేసే పొడవాటి కుట్లతో నిలిపి చూస్తున్నాం. ఇక పెద్ద మంచపు దుప్పటి విషయానికి వస్తే, అడ్డానికి 7, నిలువుకు 9 బ్లాకులంటే కుట్టకముందు ఎనభై ఏడున్నర అంగుళాల వెడల్పు, నూట పన్నెండున్నర అంగుళాల ఎత్తు. రెండు పలకలూ కలిపినా రెండు వైపులా చాలదు. మూడో పలక చేయిస్తే వెడల్పు తీరుతుంది, ఎత్తు తీరదు, మడత బరువూ పెరుగుతుంది. ప్రస్తుతానికి దుప్పటిని పై సగం, కింది సగంగా విడదీసి, కలిసే చోటి వరుసను రెండుసార్లూ పలక మీద ఉంచి, రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి చూసుకుంటోంది. పక్కలకు పట్టని నిలువు వరుసను మాత్రం మిద్దె మీది నుంచే చూస్తోంది.